కొత్త కారుకి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా? సంతకం పెట్టే ముందు ఇంట్లో ఇలా లెక్క వేసుకోండి

షోరూం వాళ్ళు ఇచ్చే కొటేషన్ కాగితంలో కారు ధర, రోడ్డు ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ వరుసల కింద ఇంకో వరుస ఉంటుంది, ఎక్స్‌టెండెడ్ వారంటీ అని, అంటే కారుతో వచ్చే వారంటీ అయిపోయాక ఇంకొన్నేళ్ళు సాగేలా డబ్బు కట్టి కొనుక్కునేది. దాని పక్కన పదిహేను వేలో ముప్పై వేలో అంకె ముందే వేసి ఉంటుంది. బెంగళూరులో కారు కొంటే చాలా కార్లకి రోడ్డు ట్యాక్సే లక్ష దాటుతుంది కాబట్టి దాని పక్కన ఇది చిన్న మొత్తంలా కనిపిస్తుంది, ఇంత పెట్టాం ఇదొక్కటి ఎందుకు వదలాలి అనుకుని సంతకం పెట్టేస్తాం.

అనంతపురం నుంచి ఇక్కడికి వచ్చాక కొన్న మొదటి కారుకి నేనూ అలాగే పెట్టాను, కాగితం చదవలేదు. నాలుగో ఏడు డ్యాష్‌బోర్డ్ మీద స్క్రీన్ ఆగిపోయింది, దాంతో పాటే రివర్స్ కెమెరా పోయింది. వారంటీ ఉంది కదా అని ధైర్యంగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళితే వాళ్ళు డ్యాష్‌బోర్డ్ విప్పి చూసి, వైరింగ్ కోసి ఉంది, క్లెయిమ్ రాదు అన్నారు. కారు కొన్న నెలలోనే జేసీ రోడ్డులో ఫాగ్ లైట్లు, పెద్ద హారన్ పెట్టించాను, అక్కడ కుర్రాడు వైరు కోసి, కలిపి, టేపు చుట్టాడు. స్క్రీన్‌కీ ఆ వైరుకీ సంబంధం లేదని గంటసేపు వాదించాను. నా వారంటీ కాగితమే తీసి చూపించారు, బయట వైరింగ్ మారిస్తే ఎలక్ట్రికల్ భాగాలకి వర్తించదని అందులో రాసి ఉంది. ముప్పై ఎనిమిది వేలు చేతి నుంచి పడ్డాయి. ఒక్కసారి చదివి ఉంటే ఆ లైట్లు వైరు కోయకుండా కప్లర్‌తో, అంటే ప్లగ్‌లా గుచ్చి కలిపే జాయింటుతో పెట్టించుకునేవాణ్ణి.

ఆ తర్వాత మా బావ కారు కొన్నప్పుడు, మా అపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరు కొన్నప్పుడు వాళ్ళతో పాటు కూర్చుని కొటేషన్లూ వారంటీ కాగితాలూ వరుసగా చదివాను. ఏ వరుసలో చూస్తే తేలిగ్గా తేలుతుందో రాస్తున్నాను.

మొట్టమొదట, కారుతో పాటు మీకు ఎలాగూ వచ్చే వారంటీ ఎంతో చూసుకోండి. మారుతి కార్లకి ఇదివరకు 2 ఏళ్ళు లేదా 40,000 కిలోమీటర్లు ఉండేది, 2024 జూలై నుంచి 3 ఏళ్ళు లేదా 1,00,000 కిలోమీటర్లు చేశారు. టయోటా కూడా 3 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు. హ్యుందాయ్ సొంత వాడకం కార్లకి 3 ఏళ్ళు, కిలోమీటర్ల లెక్క లేకుండా ఇస్తుంది. మోడల్‌ని బట్టి తేడాలుంటాయి కాబట్టి మీ కారు పేరు చెప్పి ఆ పేజీ చూపించమనండి. ఇందులో గమనించాల్సింది ఒకటుంది: ఎక్స్‌టెండెడ్ వారంటీ ఈ మొదటి వారంటీ అయిపోయిన రోజు నుంచి మొదలవుతుంది. అంటే ఈ రోజు మీరు కట్టే డబ్బు మూడేళ్ళ తర్వాత పనిచేయడం మొదలుపెడుతుంది, మొదటి మూడేళ్ళలో తయారీ లోపం వల్ల ఏం పాడైనా అది మీకు ఎలాగూ ఉచితమే. "సార్, కొత్త బండికి ఏదైనా అయితే ఎలా" అని సేల్స్ వాళ్ళు అడిగితే ఈ విషయం గుర్తుంచుకోండి.

రెండో పని, మీరు ఏడాదికి ఎంత తిరుగుతారో కాగితం మీద వేయండి. ఊహించి చెప్పకండి, నిజంగా వేయండి. ఉదాహరణకి మా బావ మారతహళ్ళిలో ఉంటాడు, వారానికి మూడు రోజులు ఆఫీసు, రానూపోనూ 30 కిలోమీటర్లు, ఏడాదికి 50 వారాలు వేసుకున్నా 4,500. నెలకోసారి అనంతపురం, రానూపోనూ 430 దాకా, ఏడాదికి ఐదు వేల చిల్లర. మొత్తం పది వేల లోపే. అలాంటప్పుడు మూడేళ్ళు నిండేసరికి బండి ముప్పై వేలు కూడా తిరగదు, లక్ష కిలోమీటర్ల పరిమితి అతనికి అడ్డం రాదు. అదే పని మీద వారం వారం హైదరాబాద్ వెళ్ళొచ్చే వాళ్ళున్నారు, ఒక వైపే 570 కిలోమీటర్లు, ఏడాదికి యాభై వేలు సులువుగా దాటుతుంది. వాళ్ళకి లక్ష కిలోమీటర్ల వారంటీ రెండేళ్ళకే అయిపోతుంది, అయిదేళ్ళు అని కాగితం మీద ఉన్నా పరిమితి 1,40,000 కిలోమీటర్లే అయితే మూడేళ్ళు కూడా రాదు. ఏళ్ళు, కిలోమీటర్లు రెండిట్లో ఏది ముందు అయిపోతే అక్కడితో ఆగిపోతుంది, మీకు ఏది ముందు అయిపోతుందో తెలియకుండా ఎంత పెట్టాలో చెప్పడం కుదరదు.

మూడోది కారు ఎన్నేళ్ళు ఉంచుకుంటారన్న ప్రశ్న. దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. ఇక్కడ మనవాళ్ళలో చాలామంది నాలుగైదేళ్ళకి హైదరాబాద్ మారిపోతారు, కొందరు విదేశానికి వెళతారు, కొందరు పిల్లలు పెద్దయ్యారని పెద్ద బండి కొంటారు. నాలుగేళ్ళకి అమ్మేసే వాళ్ళు వాడుకునేది ఒక్క ఏడాది వారంటీయే. అమ్మేటప్పుడు మిగిలిన వారంటీ కొత్త ఓనర్‌కి మారుతుందా, మారాలంటే ఏం రాసివ్వాలి, ఎంత కట్టాలి అన్నది అడగండి. మారేటట్టయితే అమ్మకంలో కొంత ధర పలుకుతుంది. కారు కంపెనీయే ఇచ్చే ఎక్స్‌టెండెడ్ వారంటీ అయితే దేశంలో ఎక్కడి కంపెనీ వర్క్‌షాప్‌లోనైనా చెల్లుతుంది, కర్నూలుకో విజయవాడకో మారిపోయినా ఇబ్బంది లేదు.

ఇక అసలు విషయం, నా దృష్టిలో సగం నిర్ణయం ఇక్కడే తేలుతుంది: మీ కారులో ఏం ఉంది, అది ఏ రోడ్ల మీద తిరుగుతుంది.

సాదా 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్, చేత్తో వేసే గేర్లు, మామూలు మ్యూజిక్ సిస్టం ఉన్న బండి అయితే నాలుగైదేళ్ళలో దానికి వచ్చే ఖర్చుల్లో ఎక్కువ భాగం క్లచ్ ప్లేట్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌లు. ఇవన్నీ అరిగే సామాను, వారంటీ సాధారణంగా వీటిని ముట్టుకోదు. బెంగళూరు ట్రాఫిక్‌లో మీటరు మీద కిలోమీటర్లు తక్కువ పడినా ఇంజిన్ తిరిగే గంటలు ఎక్కువ, సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటడానికి ఎడమ కాలు ఎన్నిసార్లు క్లచ్ నొక్కుతుందో రోజూ వెళ్ళేవాళ్ళకి తెలుసు. ఆ క్లచ్ నలభై వేల కిలోమీటర్లకే పోతే వారంటీ ఉన్నా డబ్బు మీదే. హంపుల మీద, గుంతల్లో దెబ్బతిన్న బుష్‌లూ అంతే. అందుకే ఇలాంటి బండికి, ఏడాదికి ఎనిమిది పది వేలు తిరిగి అయిదేళ్ళ లోపు అమ్మేసేటట్టయితే, వద్దు అనే నేను చెబుతాను.

ఆటోమేటిక్ అయితే లెక్క మారుతుంది. అందులోనూ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ (రెండు క్లచ్‌లతో గేర్లు తానే మార్చేది) ఉన్న వాటిలో, ముఖ్యంగా క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండని డ్రై క్లచ్ రకంలో, బండి అడుగు అడుగు వేస్తూ పాకుతున్నంతసేపూ క్లచ్ సగం పట్టి సగం వదిలి రాచుకుంటూ ఉంటుంది, వేడెక్కుతుంది, స్క్రీన్ మీద హెచ్చరిక కూడా వస్తుంది. దాన్ని నడిపే కంట్రోల్ యూనిట్ పోతే లక్ష దాటే బిల్లులు వస్తాయి. ఇలాంటి బండిని ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ తిప్పుతూ ఆరేళ్ళు ఉంచుకుంటాను అంటే వారంటీ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. కానీ తీసుకునే ముందు ఒక ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబు అడగండి: గేర్‌బాక్స్‌లోని క్లచ్ ప్యాక్‌ని మీరు అరిగే సామాను కింద రాస్తారా, గేర్‌బాక్స్ కింద రాస్తారా? ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. వాట్సాప్‌లో జవాబు వచ్చినా చాలు, దాచుకోండి.

డీజిల్ తీసుకునే వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది, బండి కాసేపు ఆగకుండా వేగంగా వెళితేనే అందులో మసి కాలిపోతుంది. ఇంటి నుంచి ఆఫీసుకి ఎనిమిది కిలోమీటర్లు గంటసేపు పాకే బండిలో అది నిండిపోతూ ఉంటుంది. నిండిపోవడం వాడకం వల్ల వచ్చిందనే అంటారు, తయారీ లోపం అనరు, కాబట్టి వారంటీ మీద ఆశ పెట్టుకోకండి. నెలకి రెండుసార్లు దేవనహళ్ళి వైపో ఊరికో హైవే మీద అరగంట సాగనివ్వడమే దానికి మందు. అదే డీజిల్ బండిలో టర్బో, ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు మాత్రం ఖరీదైన భాగాలు, వారంటీ జాబితాలో సాధారణంగా ఉంటాయి. ఏడేళ్ళు ఉంచుకునే వాళ్ళకి వాటి కోసమైనా వారంటీ దండగ కాదు.

ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్ళు పెద్ద బ్యాటరీ గురించి భయపడి ఎక్స్‌టెండెడ్ వారంటీ కొంటారు, కానీ బ్యాటరీకి చాలా కంపెనీలు మొదటి నుంచే 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తున్నాయి. హైబ్రిడ్‌లలో టయోటా కూడా బ్యాటరీకి అంతే ఇస్తుంది. కాబట్టి మీరు అదనంగా కొనేది మిగతా వాటికి: కారులోపలి చార్జర్, స్క్రీన్, ఏసీ కంప్రెసర్, కెమెరాలు, సీట్ల మోటార్లు. వాటి ధరలు అడిగి అప్పుడు తేల్చుకోండి.

నీళ్ళ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీంట్లో మనవాళ్ళు దెబ్బతినడం కళ్ళారా చూశాను. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, ఔటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు బేస్‌మెంట్లలో కార్లు నీళ్ళలో ఉండిపోయాయి. నీళ్ళు ఇంజిన్‌లోకి వెళ్ళాక స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఇంజిన్ విప్పాలి. కంపెనీ వారంటీ గానీ ఎక్స్‌టెండెడ్ వారంటీ గానీ దీనికి పైసా ఇవ్వవు, మామూలు ఇన్సూరెన్స్ కూడా ఇంజిన్ లోపలి నష్టం దగ్గర మెలిక పెడుతుంది. దీనికి ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ఆన్ (అదనపు కవర్) విడిగా తీసుకోవాలి. మీ ఇల్లు పల్లంలో ఉన్నా, పార్కింగ్ బేస్‌మెంట్‌లో ఉన్నా, రెండిట్లో ఒకటే కొనే స్తోమత ఉంటే, ముందు ఆ యాడ్ఆన్ కొనండి. వారంటీ గురించి తర్వాత ఆలోచించవచ్చు, నీళ్ళు మాత్రం ఈ వానాకాలమే రావచ్చు.

ఇప్పుడు కాగితం. షోరూంలో చూపించే రంగుల కరపత్రం కాదు, నియమ నిబంధనలు ఉన్న పూర్తి పీడీఎఫ్ అడగండి. ఇవ్వడానికి తటపటాయిస్తే అక్కడే ఆగిపోండి. వచ్చాక ముందు చూడాల్సింది ఇచ్చేది ఎవరు అని. కారు తయారు చేసిన కంపెనీ పేరు ఉందా, డీలర్ సొంత స్కీమా, లేక మధ్యలో ఇంకో సంస్థ నడిపేదా? డీలర్ స్కీమ్ అయితే ఆ డీలర్ దగ్గర మాత్రమే చెల్లవచ్చు, వాళ్ళు దుకాణం మూసేస్తే మీ డబ్బు గతి ఏమిటో ఎవరూ చెప్పరు. మధ్య సంస్థలవి అయితే ఒక్కో క్లెయిమ్‌కి ఇంతే అని పరిమితి, భాగం ధరలో తరుగుదల కోత ఉంటాయేమో చూడాలి. కంపెనీది తప్ప వేరేది తీసుకోవద్దనే నా సలహా, ధర కాస్త తక్కువగా ఉన్నా సరే.

తర్వాత వర్తించనివి అనే పేజీకి వెళ్ళండి. వర్తించేవి చదివితే సంతోషం కలుగుతుంది, నిజం తెలిసేది వర్తించని వాటిలో. లేబర్ చార్జీ కలిసి ఉందా, విప్పి చూసి లోపం కనిపెట్టే చార్జీ ఎవరిది, ఆయిల్, కూలెంట్, ఏసీ గ్యాస్ ఎవరు కట్టాలి? సర్వీస్ ఎన్ని రోజులు లేదా ఎన్ని కిలోమీటర్లు ఆలస్యమైతే వారంటీ పోతుంది? బయట సీఎన్‌జీ కిట్ పెట్టిస్తే, వైరు కోస్తే, బండిని అద్దెకి తిప్పితే ఏమవుతుంది? చిన్న 12 వోల్టుల బ్యాటరీకి, టైర్లకి వాటిని తయారు చేసిన వాళ్ళే వేరే వారంటీ ఇస్తారు, మన తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ బ్యాటరీ అయినా అంతే, ఆ కార్డు మీద తేదీ వేయించుకోండి.

ఇంకో తికమక ఉంది. రోడ్డు మీద బండి ఆగితే వచ్చి సాయం చేసే సేవని, ముందే డబ్బు కట్టించుకునే సర్వీస్ ప్యాకేజీని, ఎక్స్‌టెండెడ్ వారంటీని కలిపి ఒకే పేరుతో చూపిస్తారు. మూడూ వేరు. రోడ్డు సాయం మీ ఇన్సూరెన్స్‌లో ఇప్పటికే ఉండి ఉంటే రెండోసారి కొనొద్దు. విడివిడిగా ఒక్కో దాని ధర, జీఎస్టీ కలిపి ఎంత అవుతుందో రాయించుకోండి.

డబ్బు లెక్క చిన్నదే. 25,000 అనుకుందాం. దాన్ని కారు లోన్‌లో కలిపేస్తే, 9 శాతం వడ్డీకి అయిదేళ్ళకి, నెలకి 519 చొప్పున మొత్తం 31,000 దాటుతుంది. "ఈఎంఐలో అయిదు వందలే సార్" అనే మాట వెనక ఉన్నది ఇది. అదే 25,000 బ్యాంకులో 7 శాతానికి మూడేళ్ళు వేస్తే 30,000 పైచిలుకు అవుతుంది, వారంటీ మొదలయ్యే రోజుకి మీ చేతిలో ఉంటుంది. ఇప్పుడు సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి మీ మోడల్‌లో ఏసీ కంప్రెసర్, స్క్రీన్, స్టీరింగ్ మోటార్, గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ ధరలు అడగండి, అడిగితే చెబుతారు, మనవాళ్ళు చాలామంది పనిచేస్తున్నారు కాబట్టి తెలుగులోనే అడగొచ్చు. వాటిలో ఏ ఒక్కటి పోయినా ఆ 30,000 సరిపోతుంది అనుకుంటే వారంటీ లేకపోయినా మీకు నష్టం లేదు. ఒక్కటి పోతేనే ఇల్లు తలకిందులవుతుంది, స్కూల్ ఫీజు ఆగిపోతుంది అనే పరిస్థితి ఉంటే, బండి సాదాదైనా సరే కొనండి. పెద్ద దెబ్బకి భయపడి చిన్న మొత్తం కట్టడంలో తప్పేమీ లేదు, నిద్ర పడుతుంది.

ఎప్పుడు కొనాలి? బుకింగ్ రోజు మాత్రం వద్దు. కంపెనీ ఇచ్చే ఎక్స్‌టెండెడ్ వారంటీ చాలావరకు మొదటి వారంటీ నడుస్తున్నంత కాలం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, కాకపోతే ఆలస్యమయ్యే కొద్దీ ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఏ తేదీ దాకా ఏ ధర అన్నది అడిగి రాసుకోండి, మొదటి మెట్టు అయిపోవడానికి పది రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టండి. ఈ లోపు ఇంకో ఇద్దరు డీలర్లని అడగండి, అదే కంపెనీ వారంటీకి ఒకరు తగ్గింపు ఇస్తారు, ఒకరు ఇవ్వరు. ఎటూ తేల్చుకోలేని వాళ్ళు, అంటే సాదా ఆటోమేటిక్, ఏడాదికి పన్నెండు వేలు తిరిగే వాళ్ళు, రెండేళ్ళు నడిపి చూడండి. ఆ రెండేళ్ళలో ఏదో ఒకటి చెడుతూ ఉంటే కాస్త ఎక్కువ కట్టి అయినా తీసుకోండి.

వారంటీ తీసుకోకపోతే డెలివరీ ఆలస్యమవుతుందనో, చెప్పిన తగ్గింపు ఇవ్వబోమనో ఎవరైనా అంటే భయపడకండి. ఒకటి కొనాలంటే ఇంకోటి కొనాల్సిందే అని ముడిపెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నిర్బంధ వ్యాపార పద్ధతి. ఆ మాట మెయిల్‌లో రాసివ్వమని అడగండి, చాలాసార్లు అక్కడితో ముగుస్తుంది. ముగియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

మా బావకి డ్యూయల్ క్లచ్ బండి, ఆరేళ్ళు ఉంచుకుంటాడు. "ఏం బావా, తీసుకోనా వద్దా, ఒక్క మాటలో చెప్పు" అని షోరూంలోంచే ఫోన్ చేశాడు. "తీసుకో, ఈ రోజు కాదు" అన్నాను. రెండో నెలలో వేరే డీలర్ దగ్గర, లోన్‌లో కలపకుండా, కొటేషన్‌లో వేసిన దానికన్నా మూడు వేలు తక్కువకి తీసుకున్నాడు.

తీసుకున్నాక సర్టిఫికెట్‌లో ఛాసిస్ నంబరు, మొదలు తేదీ, ముగింపు తేదీ, కిలోమీటర్లు సరిగ్గా ఉన్నాయో చూడండి, కంపెనీ యాప్‌లో కూడా కనబడాలి. రసీదు కూడా కంపెనీ వారంటీ పేరు మీదే ఉండాలి. సర్వీస్ తేదీ తప్పించకండి, బిల్లులన్నీ ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. లైట్లు, హారన్, కెమెరా ఏది పెట్టించినా కప్లర్‌తోనే, వైరు కోయనివ్వకండి, పక్కనే నిలబడి చూడండి.

చివరిగా, వారంటీ కొన్నా కొనకపోయినా, మొదటి వారంటీ ముగియడానికి ఒక నెల ముందు బండిని కంపెనీ వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళండి. వారం ముందు నుంచే వినిపించే శబ్దాలు, ఏసీ చల్లదనం, స్టీరింగ్ లాగడం, గేరు మారేటప్పుడు కుదుపు, స్క్రీన్ ఆగిపోవడం, ఏది ఉన్నా కాగితం మీద రాసి పెట్టుకోండి. అప్పుడప్పుడు వచ్చి పోయే లోపాన్ని ఫోన్‌లో వీడియో తీయండి, వర్క్‌షాప్‌కి వెళ్ళేసరికి అది కనిపించదు. సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డులో, అంటే బండికి చేయాల్సిన పని రాసే కాగితంలో, "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోకండి, మీరు చెప్పిన ఒక్కో లోపం మీ మాటల్లో, తేదీతో, మీటరు రీడింగ్‌తో రాయించండి. ఆ లోపం వారంటీలో ఉండగానే చెప్పినట్టు ఆధారం అదే, రెండు నెలల తర్వాత అది మళ్ళీ వస్తే మీరు చూపించాల్సింది ఆ కాగితమే. వాళ్ళ స్టాంపు, సంతకం ఉన్న కాపీ చేతికొచ్చాకే బండి తాళం ఇవ్వండి.